కోపం మాటున ఏముందో తెలుసుకోవడం ఎలా?

పెళ్ళి భోజనాల దగ్గర పప్పులో ఉప్పు తక్కువైందని ఒక పెద్దాయన విస్తరి ముందునుంచి లేచిపోవడం మీరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. మా బంధువుల ఇంట జరిగిన ఒక పెళ్ళిలో అలా లేచిన ఆయన పెళ్ళికొడుక్కి స్వయానా పెదనాన్న. వడ్డించే కుర్రవాడు పరుగున వెళ్ళి ఉప్పు తెచ్చాడు, వంటాయన వచ్చి నొచ్చుకున్నాడు, పెళ్ళికొడుకు తండ్రి అన్నగారి చేతులు పట్టుకున్నాడు. అయినా ఆయన శాంతించలేదు. శాంతించకపోవడానికి కారణం ఉప్పులో లేదు. ఇంటికి పెద్దవాడైన తనను బొట్టుపెట్టి పిలవడానికి ఒక్కరూ గడప తొక్కలేదు, శుభలేఖ వాట్సాప్‌లో వచ్చింది, ఆ శుభలేఖలో ఆహ్వానించేవారి పేర్ల మధ్య తన పేరు లేదు. నెల రోజులుగా ఆయన ఆ చిన్నతనాన్ని దిగమింగుకుంటూనే ఉన్నాడు. ‘నన్ను చిన్నబుచ్చారు’ అని నలుగురిలో చెప్పుకోవడం మరింత చిన్నతనం కాబట్టి చెప్పలేదు. ఉప్పు తక్కువైందని కేకలు వేయడంలో ఆ ఇబ్బంది లేదు.

మన కోపాల్లో చాలా భాగం ఇటువంటివే. పైకి చెప్పుకోలేని భావం ఒకటి లోపల ఉంటుంది, పైకి చెప్పుకోగలిగిన కారణం ఒకటి దొరుకుతుంది, ఆ కారణాన్ని అడ్డుపెట్టుకుని కోపం బయటకు వస్తుంది. ఎదుటివారు ఆ పైకారణానికే సమాధానం చెబుతారు కాబట్టి గొడవ తెగదు. కోపాన్ని అణచుకునే పద్ధతులు ఇక్కడ చెప్పబోవడం లేదు. ఆ లోపలి భావం ఏమిటో మీకై మీరు ఎలా గుర్తించవచ్చో, గుర్తించాక ఏం చేయవచ్చో మాత్రమే చెబుతాను. దీనికి మీకు కావలసినవి ఒక చిన్న పుస్తకం, ఒక కలం, కొంత నిజాయితీ.

మొదటి పని: వేడి మీద ఉన్నప్పుడు వెతకకండి

కోపం వచ్చిన క్షణంలో గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఆడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది. ఆ స్థితిలో మనసుకు తప్పెవరిదో తేల్చాలన్న ఆత్రమే తప్ప తనను తాను పరిశీలించుకునే ఓపిక ఉండదు. అందుచేత అప్పుడు చేయవలసింది ఆ చోటు వదిలి వెళ్ళడం, అదీ ఒక మాట చెప్పి వెళ్ళడం. ‘ఇప్పుడు మాట్లాడితే నేను సరిగా మాట్లాడలేను, అరగంట ఆగి వస్తాను’ అని చెప్పి వెళ్ళినవారు మళ్ళీ వస్తారని ఎదుటివారికి తెలుస్తుంది. ఏమీ చెప్పకుండా తలుపు దడాలున వేసుకుని వెళితే ఆ తలుపు చప్పుడే ఇంకో గొడవకు మొదలవుతుంది. చెప్పిన అరగంటకు తిరిగి రావడం మాత్రం తప్పనిసరి.

ఆ అరగంటలో దిండును గుద్దితేనో గిన్నెలు విసిరితేనో కోపం కక్కేసినట్టయి తేలికపడతామన్న నమ్మకం ఒకటి మనలో బలంగా ఉంది. అమెరికా మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో, తమకు కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ గుద్దుల సంచిని కొట్టినవారికి కోపం తగ్గకపోగా, ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవారికంటే ఎక్కువగా మిగిలింది. కాబట్టి నడవండి, మొహం కడుక్కోండి, మొక్కలకు నీళ్ళు పోయండి. జరిగినదాన్ని మనసులో మళ్ళీ మళ్ళీ ఆడించుకోకండి.

ఇంకొకటి కూడా ఇక్కడే చూసుకోండి. మధ్యాహ్నం భోజనం చేశారా, రాత్రి సరిగా నిద్రపోయారా, మే నెల ఎండలో కరెంటు లేని గదిలో కూర్చుని ఉన్నారా? వీటిలో దేనికైనా సమాధానం మీ కోపాన్ని పూర్తిగా వివరిస్తే ఇక లోతుగా వెతకవలసిన పని లేదు, ముందు ఏదైనా తినండి.

రెండవ పని: జరిగినదాన్ని ఒక్క వాక్యంలో రాయండి

వేడి తగ్గాక పుస్తకం తీసి, మీకు కోపం తెప్పించిన సంగతిని ఒకే వాక్యంలో రాయండి. పక్కన కెమెరా ఉండి ఉంటే అందులో ఏం కనిపించేదో, ఏం వినిపించేదో అంతవరకే రాయాలన్నది నియమం. ‘మా అబ్బాయి నన్ను లెక్కచేయలేదు’ అని రాస్తే అది జరిగినది కాదు, జరిగినదానికి మీరు చెప్పుకున్న అర్థం. ‘నేను రెండుసార్లు పిలిచాను, మా అబ్బాయి ఫోన్‌లోంచి తలెత్తలేదు’ అన్నది జరిగినది. మొదటిసారి రాసినప్పుడు ఈ రెండూ కలిసిపోయే వస్తాయి, కంగారు పడనవసరం లేదు. కొట్టేసి మళ్ళీ రాయండి.

తరువాత దాని కింద ఆ అర్థాన్ని విడిగా రాయండి. ‘అంటే నా మాటకు ఈ ఇంట్లో విలువ లేదన్నమాట.’ ఈ రెండో వాక్యం చాలా విలువైనది, ఎందుకంటే మీకు కోపం తెప్పించింది అదే. తలెత్తకపోవడం కాదు.

మూడవ పని: కోపానికి దాని అసలు పేరు పెట్టండి

ఇక్కడ కొంతసేపు ఆగుదాం, ఎందుకంటే ఈ పనిలో మన భాష మనకు చేసినంత సాయం మరెవరూ చేయలేరు. కోపం అన్నది ఒక పెద్ద సంచి వంటి మాట. అందులో తెలుగువాళ్ళు ఎన్నో రకాల కోపాలకు విడివిడిగా పేర్లు పెట్టి ఉంచారు, పైగా ఆ పేర్లలో చాలావరకు లోపలి భావమేమిటో కూడా చెప్పేస్తాయి. మీకు వచ్చినది వీటిలో ఏదో చూడండి.

అలక అయితే దాని కింద ప్రేమా, ఆ ప్రేమ మీద పెట్టుకున్న ఆశా ఉంటాయి. బతిమాలుతారన్న నమ్మకం ఉన్నచోటే మనం అలుగుతాం. కూరగాయలు తూచడంలో మోసం చేసిన వ్యాపారితో పోట్లాడతాం గాని అతని మీద అలగం. నారదుడు తెచ్చిన పారిజాతాన్ని కృష్ణుడు రుక్మిణి చేతిలో పెట్టాడని తెలిసి సత్యభామ కోపగృహంలో పడుకున్నదంటే ఆమెకు కావలసింది పువ్వు మాత్రమే కాదు, సవతి ముందు తన స్థానమేమిటన్న ప్రశ్నకు జవాబు. పెళ్ళిలో అలకపాన్పు అన్న ముచ్చటే పెట్టుకున్న జాతి మనది. అల్లుడి మనసులో ఏమున్నా లేకున్నా, అలిగినవాడిని వెళ్ళి అడగాలన్న ఎరుక మాత్రం ఆ వేడుకలో ఉంది.

ఉక్రోషం వేరు. బదులు చెప్పలేని స్థితిలో, మాట గొంతులో అడ్డుపడి, కళ్ళలో నీళ్ళు తిరుగుతూ వచ్చే కోపమది. దాని కింద నిస్సహాయత ఉంటుంది. పై అధికారి పదిమంది ముందు మందలించినప్పుడు వచ్చేది ఇదే, ఆ సాయంత్రం ఇంట్లో పిల్లల మీద పడేదీ తరచుగా ఇదే. భరతుని నాట్యశాస్త్రం మనసులో నిలకడగా ఉండే 8 స్థాయీభావాలలో క్రోధాన్ని ఒకటిగా చెబుతూనే, వచ్చిపోయే 33 సంచారీ భావాలలో అమర్షాన్ని విడిగా లెక్కించింది. విద్యలోనో ఐశ్వర్యంలోనో బలంలోనో తనకన్నా అధికులైనవారు ఆక్షేపించినప్పుడు, అవమానించినప్పుడు కలిగేది అమర్షమని దాని నిర్వచనం. మన ఉక్రోషానికి ఇది చాలా దగ్గరి చుట్టం.

రోషం కింద పరువుకు తగిలిన దెబ్బ ఉంటుంది. అక్కసు కింద, ఎదుటివారికి దక్కినది తనకు దక్కలేదన్న బాధ ఉంటుంది, దాన్ని ఒప్పుకోవడం మిగతా అన్నిటికన్నా కష్టం. కసి అయితే అది ఈనాటిది కాదు, ఎక్కడో పాత గాయముంది. విసుగు, చిరాకు అయితే చాలాసార్లు ఒంటి అలసట. ఆక్రోశం మాత్రం వీటితో చేర్చకండి, దాని సంగతి కింద చెబుతాను.

పేరు పెట్టినంత మాత్రాన ఏం జరుగుతుందని మీకు అనిపించవచ్చు. మాథ్యూ లీబర్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, భావోద్వేగం నిండిన ముఖాల చిత్రాలను చూపి ఆ భావానికి పేరు పెట్టమన్నప్పుడు, మెదడులో భయం వంటి ఉద్వేగాలతో ముడిపడిన అమిగ్డాలా అన్న భాగం స్పందన తగ్గినట్టు గమనించారు. మీ విషయంలో అది ఎంతవరకు నిజమో పుస్తకంలో నాలుగు రోజులు రాసి చూస్తే మీకే తెలుస్తుంది.

నాలుగవ పని: ‘నాకు … వేసింది’ అన్న వాక్యాన్ని పూర్తి చేయండి

తెలుగులో కోపం వస్తుంది, కోపం తెచ్చుకుంటాం, కోపం తెప్పిస్తారు. కాని కోపం వేసిందని సాధారణంగా అనం. వేసేవి వేరే ఉన్నాయి. భయం వేస్తుంది, సిగ్గు వేస్తుంది, బాధ వేస్తుంది, దిగులు వేస్తుంది, జాలి వేస్తుంది. కాబట్టి పుస్తకంలో ‘అప్పుడు నాకు … వేసింది’ అని రాసి ఖాళీ వదలండి. కోపం అన్న మాట ఆ ఖాళీలో ఇమడదు. ఇమిడే మాట కోసం వెతికితే లోపలి భావం తనంతట తానే బయటకు వస్తుంది. ఇది నేను ఏ పుస్తకంలోనూ చూసినది కాదు, రాసుకుంటూ ఉండగా తట్టినది, నా వరకు ఇంతకన్నా బాగా పనిచేసిన ఉపాయం మరొకటి లేదు.

ఖాళీ నిండకపోతే కోపానికి ముందున్న అరక్షణానికి వెళ్ళండి. రెండేళ్ళ కిందట మా అమ్మ స్నానాల గదిలో జారిపడింది. చప్పుడు విని పరుగెత్తి, లేపి, మంచం మీద కూర్చోబెట్టి, పెద్ద దెబ్బేమీ తగలలేదని తేలిన మరుక్షణం నేను చేసిన పని అరవడం. ‘ఎన్నిసార్లు చెప్పాను, నేల తడిగా ఉన్నప్పుడు వెళ్ళొద్దని? చెబితే వినవా?’ ఆవిడ మోచెయ్యి రుద్దుకుంటూ నా వంక చూసి, ‘పడింది నేనైతే నీ చేతులు వణుకుతున్నాయేంట్రా?’ అంది. అరుపుకు ముందున్న క్షణమేదో నాకు అప్పుడు గుర్తొచ్చింది: ఆ చప్పుడు, దాని తరువాత ఏ అలికిడీ లేని రెండు మూడు సెకన్లు. ఆ రెండు మూడు సెకన్లలో నాకు కోపం లేదు.

అప్పటికీ తెలియకపోతే మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను ఏం పోతుందని భయపడ్డాను? ఎవరినుంచి ఏం ఆశించాను, ఆ ఆశ వారికి ఎప్పుడైనా చెప్పానా? ఎవరి కళ్ళలో చిన్నవాడినయ్యానని, చిన్నదాన్నయ్యానని అనిపించింది? ఈ మూడింటిలో ఏ ప్రశ్న దగ్గర కలం ఆగిపోతుందో, ఏ ప్రశ్నను త్వరగా దాటేయాలనిపిస్తుందో, జవాబు సాధారణంగా అక్కడే ఉంటుంది. రెండవ ప్రశ్న ఇంటివాళ్ళ మీద వచ్చే కోపాలకు ప్రత్యేకంగా పనికొస్తుంది. కోపంపై విస్తృతంగా పరిశోధించిన జేమ్స్ ఏవెరిల్ 1980ల తొలినాళ్ళలో ప్రచురించిన పరిశీలనల్లో, మనుషులకు ఎక్కువగా కోపం వచ్చేది శత్రువుల మీదా, బొత్తిగా ముక్కూమొహం తెలియనివారి మీదా కాదని, ఆత్మీయుల మీదా పరిచయస్థుల మీదా అని తేలింది. ఆశ ఉన్నచోటే ఆశాభంగమూ ఉంటుంది.

ఐదవ పని: ఆ భావం ఏం అడుగుతోందో చూడండి

కోపం ఎప్పుడూ ఒకటే అడుగుతుంది: ఎదుటివారు తప్పు ఒప్పుకోవాలి. దాని కింది భావాలు అలా కాదు, ఒక్కొక్కటి ఒక్కొక్కటి అడుగుతుంది, వాటిలో చాలావరకు మన చేతిలో ఉన్న పనులే. నా విషయంలో భయం అడిగినది మా అమ్మ నా మాట వినడం కాదు, స్నానాల గదిలో జారని నేల, పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ. రెండూ ఆ వారంలోనే అయిపోయాయి. అంతకు ముందు ఏడాదిపాటు ‘జాగ్రత్త’ అని అరవడంతోనే సరిపెట్టానన్నది నాకు ఇప్పటికీ నామోషీగానే ఉంది.

బాధ అయితే ఎవరో ఒకరు ఆ బాధను గుర్తించడం కావాలి. సిగ్గు అయితే నమ్మకమైన ఒక్క మనిషికి చెప్పుకోవడం కావాలి. అలసట అయితే ఇంటిపని ఎవరెవరు పంచుకోవాలో మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవడం కావాలి, ఒకే మనిషి వంటగదిలో రోజూ విసుక్కుంటూ ఉంటే ఆ విసుగును ఆవిడ స్వభావం కింద జమకట్టడం పెద్ద పొరపాటు.

ఎదుటివారికి చెప్పవలసి వస్తే, రెండవ పనిలో రాసిన వాక్యాన్నీ నాలుగవ పనిలో నింపిన వాక్యాన్నీ కలపండి. ‘నీకసలు బాధ్యత లేదు’ అనే బదులు ‘పది దాటినా నువ్వు రాలేదు, ఫోన్ కలవలేదు, నాకు భయం వేసింది’ అనడం. ఇది రాసినంత తేలిక కాదు. మన ఇళ్ళలో, ముఖ్యంగా మగవాళ్ళకు, కోపం వచ్చిందని చెప్పుకోవడం పౌరుషంగానూ, భయం వేసిందని చెప్పుకోవడం చేతకానితనంగానూ అలవాటైపోయింది. మొహాన చెప్పలేకపోతే సందేశం పంపండి. అదీ కుదరకపోతే ఇంట్లో మధ్యవర్తిగా ఉండే అమ్మచేతనో అక్కచేతనో చెప్పించండి. సూటిగా చెప్పడమే ఎప్పుడూ మేలని నేను అనుకోను.

ఈ పద్ధతి పనికిరాని చోట్లు

ప్రతి కోపం కిందా మరొకటి ఉంటుందనుకోవడం కూడా ఒక మూఢనమ్మకమే. కెనడాకు చెందిన మనస్తత్వవేత్త లెస్లీ గ్రీన్‌బర్గ్ తన చికిత్సా విధానంలో రెండు రకాల కోపాలను వేరువేరుగా చూస్తాడు: భయాన్నో సిగ్గునో కప్పిపెట్టే కోపం ఒకటి, అన్యాయానికి నేరుగా పుట్టిన కోపం మరొకటి. మూడు నెలలుగా కూలి డబ్బులు ఎగ్గొట్టిన మేస్త్రీ మీద కూలీకి వచ్చే కోపం రెండో రకానిది. ఇందాక ఆక్రోశాన్ని పక్కన పెట్టమన్నది ఇందుకే. ఆ కూలీని ‘నీ కోపం కింద ఏ భావముందో వెతుక్కో’ అనడం అతని నోరు మూయించడమే అవుతుంది. పైన చెప్పిన మూడు ప్రశ్నలూ వేసుకున్నాక కూడా ‘ఇది అన్యాయం’ అన్న వాక్యమే చెక్కుచెదరకుండా నిలిస్తే ఆ కోపాన్ని నమ్మండి, దానితో చేయవలసిన పని చేయండి.

కోపంలో చేయి చేసుకోవడం, వస్తువులు పగలగొట్టడం, మీరు ఇంట్లో అడుగుపెట్టగానే పిల్లలు మాటలు ఆపేయడం మీ ఇంట్లో జరుగుతూ ఉంటే పుస్తకమూ కలమూ చాలవు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నం చినవాల్తేరులోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. అక్కడికి వెళ్ళడమంటే పిచ్చి ముద్ర వేయించుకోవడమన్న మాట పట్టించుకోకండి. ఇక ఎదుటివారి కోపానికి దెబ్బలు తింటున్నది మీరే అయితే వారి కోపం కింద ఏ పాత గాయముందో వెతకడం మీ బాధ్యత కానే కాదు. ముందు మీరు క్షేమంగా ఉండే చోటు చూసుకోవాలి. మహిళలకు 181 నంబరు ఉంది.

ఎదుటివారి కోపం విషయంలో

ఈ పద్ధతి తెలిసినవారు చేసే మొదటి తప్పు దాన్ని ఇంకొకరి మీద ప్రయోగించడం. భార్య కోపంగా ఉన్నప్పుడు ‘నిజానికి నీది కోపం కాదు, అభద్రత’ అని వివరించి చూడండి, ఆ తరువాత జరిగేదానికి నాది బాధ్యత కాదు. ఎదుటివారి లోపలి భావం మీకు అర్థమైనా దానికి మీరు పేరు పెట్టకండి. అది అడుగుతున్న పని చేతనైతే నోరు మెదపకుండా చేయండి.

ఆ పెళ్ళికొడుకు చేసింది అదే. పదహారు రోజుల పండుగకు ముందు భార్యను వెంటబెట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని, తొంభై కిలోమీటర్లు బస్సులో పెదనాన్నగారి ఊరు వెళ్ళాడు. ఉప్పు మాట ఎత్తలేదు. కోడలు పెద్దమ్మకు బొట్టుపెట్టింది, ఇతను ‘పెదనాన్నా, పెళ్ళికి మిమ్మల్ని పిలవడానికి నేనే రావలసింది, రాలేదు. పండుగ మీ చేతుల మీదుగా జరగాలి’ అన్నాడు. ఆయన దానికి జవాబేమీ చెప్పలేదట. కాసేపు వీధిలోకి చూసి, తరువాత లోపలికి తిరిగి, ‘ఏమే, పిల్లలకు కాఫీ పెట్టు, ఎండలో పడి వచ్చారు’ అన్నాడట.